ఫానీ అని పిలిస్తే

మా ఊళ్ళో చాలాకాలం ఏ తల్లీ తన కూతురికి ఫానీ అని పేరు పెట్టలేదు. పెట్టకూడదని ఎవరూ అనలేదు. పెట్టలేదు, అంతే.

ఎందుకో మా వాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాస్తాను. 1867 ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తున్న వేళ, ఫానీ ఆడమ్స్ అనే ఎనిమిదేళ్ళ పిల్ల మా ఆల్టన్ ఊరి చివర పచ్చికలో ఆడుకోవడానికి వెళ్ళింది. వకీలు దగ్గర పనిచేసే గుమాస్తా ఒకడు, శుభ్రమైన బట్టల్లో ఉన్నవాడు, ఆ పిల్లను, బీరులో చేదు కోసం వేసే హాప్ పువ్వుల తోటలోకి ఎత్తుకుపోయాడు. సాయంత్రం ఊరు ఊరంతా వెతికింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. నేనూ వెతికాను. ఏం దొరికిందో, ఎన్ని చోట్ల దొరికిందో అప్పటి పత్రికలన్నీ రాసుకున్నాయి. నేను రాయను. ఆ ఏడు క్రిస్మస్ ముందురోజు వాణ్ణి వించెస్టర్‌లో ఉరితీశారు.

అక్కడితో అయిపోవాల్సింది. కాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నౌకాదళం వాళ్ళకు డబ్బాల్లో గొర్రెమాంసం ఇవ్వడం మొదలైంది. నారనారగా, ఏ భాగమో తెలియకుండా ఉండేదట. ఎవడో నావికుడు డబ్బాలోకి తొంగి చూసి, పేపర్లో చదివిన పిల్ల పేరు చెప్పి, ఇది ఆమేరా అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ బల్ల నుంచి పక్క బల్లకు, ఈ ఓడ నుంచి ఆ ఓడకు పాకింది. కొన్నాళ్ళకు ఆ మాంసానికి ఫానీ ఆడమ్స్ అన్నదే పేరైంది. ఖాళీ డబ్బాకు తీగ కట్టి కూర తెచ్చుకుంటే ఆ గిన్నె పేరు కూడా ఫానీయే.

మా చెల్లెలు హెస్టర్‌కు కూడా ఆ ఏడు ఎనిమిదేళ్ళే. ఆ మధ్యాహ్నం తనూ పచ్చికలోకి వెళ్ళాల్సింది. బూట్లు అడుగు ఊడిపోయి కుట్టేవాడి దగ్గరున్నాయి. వట్టికాళ్ళతో వెళ్ళొద్దని మా అమ్మ ఇంట్లో కూర్చోబెట్టింది. మిగతా పిల్లలు వీధి చివరిదాకా గెంతుకుంటూ వెళ్ళడం హెస్టర్ కిటికీలోంచి చూసింది. ఆ బూట్లు కుట్టి ఇంటికొచ్చాక తొడుక్కోనంది. ఏడవలేదు, గొడవ చేయలేదు. తొడుక్కోలేదు. మా తమ్ముడు వేసుకుని అరగదీశాడు.

పెద్దయ్యాక హెస్టర్ టామ్ బడ్‌ను పెళ్ళాడింది. తొలుచూలు ఆడపిల్ల. చర్చిలో బాప్టిజం నీళ్ళు చల్లే రోజున పేరేమిటని పాదిరిగారు అడిగారు. ఫానీ జేన్ అంది. ఆయన సరిగ్గా వినబడనట్టు వంగారు. వెనక గంటలు కొట్టేవాళ్ళకు కూడా వినిపించేలా హెస్టర్ మళ్ళీ చెప్పింది. బయటికొచ్చాక మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, ఆ పేరెందుకే మన ఇంటికి తెచ్చావు అని పోరింది.

హెస్టర్ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"ఆ సాయంత్రం ఊరంతా పిలిచింది గదమ్మా. ఎవరూ పలకలేదు. ఇకమీద ఆ పేరు పిలిస్తే పలికే మనిషి ఉండాలి."

అంతే అంది. మా ఇంట్లో ఎవరం ఎక్కువ మాట్లాడం.

మొదట్లో హెస్టర్ సాయంత్రం గుమ్మంలో నిలబడి ఫానీ అని కేకేస్తే ఇరుగుపొరుగువాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. ప్రివెట్ ముసలమ్మ ఒకత్తె మాత్రం మూసేది కాదు. సందు చివరనుంచి వస్తున్నా అని పిల్ల గొంతు వినబడేదాకా తలుపు దగ్గరే నిలబడేది. విన్నాక లోపలికెళ్ళేది. ఏళ్ళు గడిచేసరికి మిగతావాళ్ళకూ అలవాటైంది. పొయ్యి మీద కెటిల్ పెట్టడానికి ఆ కేకే గుర్తు అన్నారు కొందరు.

పిల్ల పంతొమ్మిదో ఏట ఆల్ఫ్ రోవెల్ అనే నావికుడికి మనసిచ్చింది. వాడి మేనత్తది మా పక్క ఊరే. సెలవులకు వచ్చినప్పుడల్లా హాప్ కోతలో చెయ్యి వేసేవాడు. మంచివాడు, చేతి పని తెలిసినవాడు. నలుగురిలో ఉంటే మాత్రం ఆ నలుగురి లాగే ఉంటాడు. అదొక్కటే నాకు నచ్చేది కాదు. ఎవరూ నన్ను అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

అక్టోబరులో పెళ్ళి అనుకున్నారు. ఆగస్టులో, చుట్టాలను ఓడ మీదికి రానిచ్చే రోజున, ఫానీ పోర్ట్‌స్మత్ వెళ్ళింది. కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆ టోపీ చేతిలో ఉంది.

ఏం జరిగిందో నాకు తర్వాత చెప్పింది. ఆల్ఫ్ ఆమెను కిందికి, తాము తినే బల్ల దగ్గరికి తీసుకెళ్ళి తన వాళ్ళకు పరిచయం చేశాడు. సామ్ మెల్లిష్ అని ఒక గడ్డంవాడు ఆ బల్లకు పెద్ద, వడ్డనంతా అతని చేతి మీదే. పేరు వినగానే అతను గరిటె ఎత్తి, ఒరే మూత వెయ్యండ్రా, ఇంకో ఫానీ కూడా వచ్చేసింది, చోటు చాలదు అన్నాడట. బల్లంతా ఒకటే నవ్వు. ఆల్ఫ్ కూడా నవ్వాడు.

అది చెప్పేటప్పుడు పిల్ల ఏడవలేదు. ఇకనుంచి నన్ను జేన్ అని పిలవండి అంది. పాదిరిగారి దగ్గరికి వెళ్ళి, పెళ్ళి ప్రకటన చదివేటప్పుడు జేన్ బడ్ అనే చదవమని కూడా అడిగొచ్చింది. మా చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళివారి పేర్లు అందరిముందూ చదువుతారు. ఆల్ఫ్ స్నేహితులు రావచ్చు. నిండు చర్చిలో ఆ పేరు వినబడితే ఎవడు కిసుక్కుమంటాడో అని ఆమె భయం. ఓడవాడి పెళ్ళానికి జీవితాంతం ఓడవాళ్ళే చుట్టాలు గదా మామయ్యా అంది. ఆ మాట కాదనలేకపోయాను.

హెస్టర్ తిట్టలేదు, బతిమాలలేదు. ఇంట్లో చిన్న మార్పు వచ్చింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కనిపెట్టేంతది కాదు. అమ్మాయ్, ఆ బుట్ట ఇలా తే. అమ్మాయ్, రొట్టె మాడుతోంది. జేన్ అని నోరు తిరగలేదు, ఫానీ అంటే పిల్ల వద్దంది. సాయంత్రం గుమ్మంలో కేక ఆగిపోయింది. ప్రివెట్ ముసలమ్మ మాత్రం వేళకు తలుపు తీసి కాసేపు నిలబడి, మళ్ళీ వేసుకునేది.

అంతలో సెప్టెంబరు వచ్చింది. హాప్ కోత మొదలైతే మా ఊళ్ళో ఇంకో పని ఉండదు. బడికి కూడా సెలవే. టామ్ బడ్ ఆ మూడు నాలుగు వారాలూ బట్టీ దగ్గరే పడుకుంటాడు. పువ్వు ఎండే వాసన మారితే నిద్రలోనే లేస్తాడు. నాది గెడలు పీకే పని. తీగను మొదట్లో కోసి, గెడను తీగతో సహా పెరికి, ఆడవాళ్ళ తొట్టి మీద అడ్డంగా పడుకోబెట్టాలి. తొట్టి అంటే కొయ్య చట్రానికి వేలాడదీసిన గోనెగుడ్డ. మనిషి పొడుగుంటుంది. ఆడవాళ్ళు రెండు వైపులా నిలబడి పువ్వులు రాల్చుకుంటారు. చేతులు నల్లబడతాయి, వేళ్ళు చేదెక్కుతాయి. రొట్టె ముట్టుకుంటే రొట్టె చేదు. పసుపుపచ్చని పొడి రవికెల మీద, కనురెప్పల మీద పడుతుంది. మధ్యాహ్నానికి అందరికీ మత్తుగా ఉంటుంది.

హెస్టర్, కూతురు ఒకే తొట్టి దగ్గర ఎదురెదురుగా నిలబడి కోశారు. వేళ్ళు పనిచేస్తున్నాయి. మాట్లాడుకోవడానికి పిలుపు కావాలి. అది లేదు. నేను గెడ తెచ్చి పెట్టినప్పుడల్లా ఇద్దరూ నన్నే చూసేవాళ్ళు.

మా తోట పై చివర ఒక కంచె ఉంది. కంచె అవతల పల్లం, ఆ పల్లం అవతల ఇంకొకరి తోట. ముప్పై ఏళ్ళ కిందటి సంగతి జరిగింది ఆ తోటలో. ఆ వైపు వరుసలు కోసేటప్పుడు ఆడవాళ్ళు పాటలు ఆపేస్తారు. ఎవరూ చెప్పరు. వరుస దాటాక మళ్ళీ ఎత్తుకుంటారు.

ఆ ఏడు ఆఖరి రోజు శనివారం పడింది. మర్నాడే మొదటి ప్రకటన. పువ్వు ఇంకో నాలుగు వరుసలు మిగిలింది, అవి కూడా పై చివర, కంచె దగ్గరే.

ఆఖరి రోజుకు మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ఆ రోజు తోటలో రాజ్యం ఆడవాళ్ళది. కోత కోయని మగవాడు ఎవడు దొరికినా సరే, యజమాని కొడుకైనా సరే, ఎత్తి పువ్వుల తొట్టిలో పడేసి, మీద పువ్వులు పోసి కప్పేస్తారు. వాళ్ళు అడిగింది ఇచ్చేదాకా లేవనివ్వరు. మామూలుగా ఒక ముద్దో, పీపాడు బీరో అడుగుతారు. మేం మగవాళ్ళం ఆ రోజు గెడలు చేతిలోంచి దించం. గెడ చేతిలో ఉన్నవాణ్ణి ముట్టుకోకూడదు, అది లెక్క.

భోజనాల వేళకు ఆల్ఫ్ వచ్చాడు. ఒక్కడే కాదు, బల్ల దగ్గరి స్నేహితులు నలుగురిని వెంటేసుకొచ్చాడు. మర్నాడు చర్చిలో వాళ్ళు కూడా ఉండాలని తీసుకొచ్చాడట. అందరూ ఇస్త్రీ చేసిన నీలం బట్టల్లో మెరిసిపోతున్నారు. ముందు నడుస్తున్న గడ్డంవాణ్ణి చూడగానే ఫానీ తల వంచుకుంది. నాకు అర్థమైంది. మెల్లిష్.

మెల్లిష్ చెడ్డవాడు కాదు. చూడగానే తెలిసిపోతుంది. వట్టి చేతులతో రాకూడదని సంచీడు డబ్బాలు మోసుకొచ్చాడు. కోత కోసేవాళ్ళ నిప్పు దగ్గర కూర్చుని, కత్తితో మూతలు కోసి, పెద్ద కుండలోకి వంపి వేడిచేశాడు. ముసలమ్మలకు ముందు వడ్డించాలని తనే లేచాడు. ఇరవై ముప్పై మంది ఆడవాళ్ళు రొట్టెలూ చల్లటి టీ సీసాలూ ఒళ్ళో పెట్టుకుని కంచె వారన కూర్చున్నారు. అతను గరిటెతో కుండ మీద కొట్టాడు.

"రండమ్మా, రండి. ఫానీ ఆడమ్స్, కొంచెం కొంచెం అందరికీ వస్తుంది."

ఎవరూ కదలలేదు. నమలడం కూడా ఆగిపోయింది. ఆల్ఫ్ మొహం సున్నం కొట్టినట్టయింది. మెల్లిష్ అది చూడలేదు. వీళ్ళకు అర్థం కాలేదనుకుని నవ్వాడు.

"ఫానీ ఆడమ్స్ అంటే తెలీదా మీకు? ఏం పల్లెటూరమ్మా ఇది."

ప్రివెట్ ముసలమ్మ ఒళ్ళోని రొట్టె గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

"మాకు తెలుసులేవయ్యా. నీకు తెలుసా?"

"తెలీకపోవడమేమిటి. డబ్బా మాంసం."

ముసలమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పితో మామూలుగా ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ఆ రోజు లేచింది. ఏప్రన్ దులుపుకుని, ఇవాళ ఆఖరి రోజు గదర్రా అంది. చాలా మామూలుగా అంది. ఆడవాళ్ళందరూ లేచారు.

మెల్లిష్‌కు ఈ ఆనవాయితీ గురించి ఎవరో చెప్పే ఉంటారు. వాళ్ళు చుట్టుముడుతుంటే సరదాపడ్డాడు. అబ్బో, నా బరువు మోయగలరా అని కూడా అడిగాడు. మోశారు. కాళ్ళొకరు, భుజాలొకరు, బెల్టు ఒకరు పట్టుకుని తీసుకెళ్ళి హెస్టర్ తొట్టిలో పడేశారు. పొద్దుటినుంచి కోసిన పువ్వంతా అందులోనే ఉంది. పక్క తొట్టెల పువ్వు కూడా బుట్టలతో తెచ్చి పోశారు. చివరికి గడ్డం, టోపీ మాత్రం పైకి కనబడ్డాయి. సరే సరే, ఎవరికి కావాలి ముద్దు అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. తొట్టి చుట్టూ నిలబడి చూస్తున్నారు. అప్పుడు అతని మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది.

మిగతా ముగ్గురు నావికులు తమ బూట్లు చూసుకుంటున్నారు. నేను గెడ పట్టుకునే ఉన్నాను.

హెస్టర్ అందరికంటే చివర వచ్చింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. తొట్టి చట్రం మీద నల్లటి చేతులు ఆనించి, అతని పేరడిగింది.

"మెల్లిష్ తల్లీ. సామ్ మెల్లిష్."

"మీ అమ్మ పెట్టిందా?"

"అవును."

"ఆ పేరు కూడా వాళ్ళమ్మే పెట్టింది."

"ఎవరికి?"

హెస్టర్ కంచె అవతలికి చూపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల అంది. నేనూ ఆ పిల్లా కలిసి ఆడుకునేవాళ్ళం అంది. ఆ కనిపించే తోటలో, ఇలాగే గెడలు నిలబెట్టి ఉండగా, అని ఆగిపోయింది. మిగతాది చెప్పలేదు. అది చెప్పక్కర్లేదు. మెల్లిష్ తల తిప్పి ఆ తోట వైపు చాలాసేపు చూశాడు.

"నిజం పిల్లా?"

"నిజం పిల్లే."

"నేను పదిహేనో ఏట ఓడెక్కాను తల్లీ. అప్పటికే అది డబ్బా పేరు. మనిషి అని నాకెవరూ చెప్పలేదు." అతను చేతులు పైకి తేవడానికి గింజుకున్నాడు. పువ్వు బరువుకు రాలేదు. "ఎవరన్నా నా టోపీ తీయండమ్మా."

ప్రివెట్ ముసలమ్మ తీసింది. బట్టతల నిండా పసుపుపచ్చ పొడి. అలా మెడదాకా పువ్వులో కూరుకుపోయి, వట్టి తలతో, కంచె వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మనిషిని చూసి నవ్వాలనిపించింది, నవ్వలేకపోయాను.

ఏం కావాలో అడగండి, ఇస్తాను అన్నాడు మెల్లిష్. ఆడవాళ్ళు హెస్టర్ వైపు చూశారు. ఆనవాయితీ ప్రకారం తొట్టి ఎవరిదో అడిగే హక్కు వాళ్ళది. హెస్టర్ అడగలేదు. తొట్టి నాదొక్కదానిదే కాదు అని వెనక్కి తిరిగి కూతురిని చూసింది. అమ్మాయ్ అని కూడా అనలేదు.

పిల్ల వచ్చింది. నడకలోనే నాకు తెలిసింది, పోర్ట్‌స్మత్ నుంచి టోపీ చేత్తో పట్టుకొచ్చిన పిల్ల కాదు ఇది. మెల్లిష్‌ను దాటి నేరుగా ఆల్ఫ్ ముందు నిలబడింది.

"ఆయనకు తెలీదు. నీకు తెలుసు. తెలిసీ నవ్వావు."

"అందరూ నవ్వుతుంటే... అది కాదు జేన్..."

"ఎవరా జేన్?"

ఆల్ఫ్ తొట్టి వైపు చూశాడు. తర్వాత తన టోపీ తీసి నా చేతికిచ్చి, బూట్లతో సహా తొట్టిలోకెక్కి, మెల్లిష్ పక్కన పడుకుని, పొయ్యండి అన్నాడు. ఎవరూ వాణ్ణి ఎత్తలేదు, తోయలేదు. మా తోటలో ఆడవాళ్ళు పడేయకుండా తనంతట తాను తొట్టెక్కిన మగవాణ్ణి అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ప్రివెట్ ముసలమ్మ బుట్టెడు పువ్వు వాడి మొహాన కుమ్మరించింది. అవసరానికి మించే కుమ్మరించింది.

అప్పుడు మొదలైంది నవ్వు. ముందు పిల్లే నవ్వింది. తర్వాత తొట్టి చుట్టూ, తర్వాత వరుస వెంబడి. ఆ కంచె దగ్గర ఆడవాళ్ళు నవ్వగా నేను విన్నది అదే మొదటిసారి. ఆ పల్లంలోకి, అవతలి తోటలోకి వెళ్ళింది ఆ నవ్వు.

నవ్వు తగ్గాక పిల్ల తల్లి వైపు తిరిగింది.

"అమ్మా. పిలువు."

హెస్టర్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. హాప్ మసి తుడిస్తే పోదు, తనకూ తెలుసు. ఇంతసేపు తుడుచుకుందేమిటని నేననుకుంటూ ఉండగానే పిలిచింది. పెద్దగా కాదు. సాయంత్రం గుమ్మంలో పిలిచినట్టే.

"ఫానీ."

"వస్తున్నా."

మూడడుగులు లేవు వాళ్ళిద్దరి మధ్య. అయినా పిల్ల సందు చివరనుంచి బదులిచ్చినట్టే గొంతెత్తి చెప్పింది. ప్రివెట్ ముసలమ్మ ఏదో గొణుక్కుని ముక్కు తుడుచుకుంది. కెటిల్ పెట్టుకోవాలి నేను అంటోందని పక్కావిడ చెప్పింది.

తొట్టిలోంచి మెల్లిష్, మిస్ ఫానీ, నన్ను వదులుతారా అని చాలా మర్యాదగా అడిగాడు. వదిలారు. పైకి లేచాక అతను చేసిన మొదటి పని, కుండ దగ్గరికెళ్ళి మళ్ళీ గరిటె పట్టుకోవడం. కొంచెంసేపు ఆలోచించి, ఈసారి నెమ్మదిగా, గొర్రెమాంసం కూర ఉంది, తినేవాళ్ళుంటే వడ్డిస్తాను అన్నాడు. తిన్నాం. నిజం చెప్పాలంటే బాగాలేదు. రెండోసారి ఎవరూ అడగలేదు. అతను కూడా తిని, బాగాలేదమ్మా, నాకు తెలుసు అన్నాడు.

ఆ సాయంత్రం ఆఖరి గెడకు రిబ్బన్లు, చేతిరుమాళ్ళు కట్టి ఊరేగించారు. ఫానీ మాత్రం ఊరేగింపుతో పూర్తిగా రాలేదు. దారిలో పాదిరిగారి ఇంటి దగ్గర విడిపోయింది. హెస్టర్ వెంట వెళ్ళబోతే, నేనొక్కదాన్నే వెళ్తానంది. నల్లటి చేతులతోనే తలుపు కొట్టింది. పాదిరిగారు రేపటి ప్రకటన ఎప్పుడో రాసేసుకున్నారట. మళ్ళీ మార్చాలా అని కళ్ళజోడు మీదనుంచి చూశారట. మార్చండి, రెండు పేర్లూ ఉండనివ్వండి, ముందుది ముందే చదవండి అందట. ఆ తలుపు మీద వేళ్ళ మచ్చలు చలికాలందాకా ఉన్నాయి. వంటావిడ తుడిచినా పోలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. తోటలో జరిగింది అప్పటికే ఊరంతా తెలుసు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. నావికులు రెండో వరుసలో కూర్చున్నారు, తలకు నూనె రాసి దువ్వుకుని. మెల్లిష్ గడ్డంలో ఇంకా ఒక హాప్ రేకు ఇరుక్కునే ఉంది. ఎవరూ చెప్పలేదు.

పాదిరిగారు కాగితం ఎత్తారు. ఆల్ఫ్రెడ్ రోవెల్ పేరు చదివారు. ఒక్క క్షణం ఆగారు. హెస్టర్ నా పక్కనే ఉంది. మోకాళ్ళ మీద ఆమె చేతులు రెండూ బిగుసుకుని ఉన్నాయి, గంటలు కొట్టేవాళ్ళకు వినబడేలా రెండోసారి పేరు చెప్పిన రోజున ఉన్నట్టే.

ఈ ఊరి ఫానీ జేన్ బడ్ అని చదివారు.

మెల్లిష్ లేచి నిలబడ్డాడు. ప్రకటనకు ఎవరూ లేవరు, ఆ పద్ధతి లేదు. అతనికి తెలియదో, తెలిసీ లేచాడో నేను అడగలేదు. అతను లేచాడని మిగతా నావికులు లేచారు. నావికులు లేచారని ప్రివెట్ ముసలమ్మ లేచింది, ఈసారి ఇద్దరు పట్టుకున్నారు. ఇక అక్కడినుంచి వరుస వెనక వరుస. బెంచీలు కిర్రుమంటుంటే పాదిరిగారు అయోమయంగా కళ్ళజోడు సర్దుకుని, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు. అభ్యంతరానికే లేచారనుకున్నారేమో. ఒక్కరూ నోరు మెదపలేదు. ఫానీ ముందు వరుసలో తల ఎత్తుకుని, కొత్త టోపీ పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. చర్చి మొత్తంలో కూర్చుని ఉన్నది ఆమె ఒక్కతే.

పెళ్ళయ్యాక ఆల్ఫ్ రాసిన ఉత్తరాల్లో ఓడ సంగతులు వస్తుండేవి. మెల్లిష్ తన బల్ల దగ్గర ఆ మాట ఎవడైనా అంటే వడ్డన మానేసేవాడట. డబ్బాకు ఏదో ఒక పేరు కావాలి గదా అని కుర్రాళ్ళు అడిగితే, నా పేరు పెట్టుకోండి, నేనేమీ అనుకోను, చూడ్డానికీ అలాగే ఉంటాను అన్నాడట. పెట్టుకున్నారు. ఆ బల్ల దగ్గర తర్వాత వచ్చిన కుర్రాళ్ళు కూడా, ఇంకో గరిటెడు మెల్లిష్ వెయ్యి అనే అడిగేవాళ్ళట. ఎందుకో వాళ్ళకు తెలియదు. మెల్లిష్ చెప్పేవాడు కాదు. తనే కూర్చుని తన పేరు తినేవాడు.

ఇది ఒక ఓడలో ఒక బల్ల సంగతి. నౌకాదళం పెద్దది. మిగతాచోట్ల పాత మాటే నడిచింది. ఈ మధ్య యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల నోట కూడా విన్నాను. వాళ్ళకు అది మాంసం కూడా కాదు. ఏమీ లేదు, సున్నా అనడానికి ఆ పేరు చెబుతున్నారు. జీతమెంత మిగిలిందిరా అంటే ఫానీ ఆడమ్స్ అంటారు. మా ఊరి కుర్రాడు ఒకడు బీరు దుకాణంలో అలాగే అన్నాడు. దుకాణం యజమాని గ్లాసు తుడవడం ఆపి, ఆఖరి రోజు తోటలోకి వస్తావుగా, అప్పుడు చెప్దాంలే అన్నాడు. కుర్రాడికి ఆ రోజు తొట్టి చుట్టూ నిలబడే వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టుంది, సర్దుకుని కూర్చున్నాడు.

సున్నా అన్న సంగతి హెస్టర్‌కు చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. జుట్టు నెరిసింది ఇప్పుడు తనకు. వాళ్ళను ఒకసారి సాయంత్రం మన సందులోకి రమ్మనన్నయ్యా అంది.

ఆ కోత అయిన ఏడాదికి ప్రివెట్ ముసలమ్మకు మనవరాలు పుట్టింది. తల్లి ఏదో పేరు అనుకుంటుంటే ముసలమ్మ మంచం మీదనుంచే కుదరదంది, ఫానీ అంది. ఆ తర్వాత బండివాళ్ళింట్లో ఒకటి, పాలవాళ్ళింట్లో ఒకటి. తొట్టి చుట్టూ ఆ రోజు నిలబడ్డ ఆడవాళ్ళు తమ కూతుళ్ళకూ మనవరాళ్ళకూ వరసగా పెట్టుకుంటూ పోయారు. మా ఫానీ కూతురు కూడా ఫానీయే.

నిన్న సాయంత్రం హెస్టర్ గుమ్మంలో నిలబడి మనవరాలిని పిలిచింది. నేను వాళ్ళింటి కంచె దగ్గర గెడలు చెక్కుతున్నాను. ఫానీ అని ఒక్కసారే పిలిచింది. బావి దగ్గరనుంచి ఒకటి, ఆపిల్ చెట్టు మీదనుంచి ఒకటి, పచ్చికలోంచి రెండో మూడో గొంతులు, అన్నీ ఒకేసారి పలికాయి. వస్తున్నా అని.

ఎవరిని పిలిచిందో చెప్పకుండా హెస్టర్ అలాగే నిలబడింది. అందరినీ రానిచ్చింది.